పక్క మంచం మార్కులు

"గొడుగు, నిమ్మకాయ, పిల్లి, తాళం, సబ్బు" అని మాటలమ్మ అప్పుడే రోగికి వినిపించింది. పక్షవాతం వార్డులో జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టడం ఆమె ఉద్యోగం. ఏళ్ల తరబడి ఇవే అయిదు మాటలు చెప్పడం, కాసేపు కబుర్లాడటం, మళ్లీ చెప్పమనడం. ఇంట్లో కూరలో ఉప్పు మరిచిపోతే చాలు, "ఏదీ, ఆ అయిదూ చెప్పు" అని మొగుడు ఆటపట్టిస్తాడు. ఆమె అవి గడగడా చెప్పి మరీ ఉప్పు వడ్డిస్తుంది.

ఆమె ముక్కాలిపీట రెండు మంచాల మధ్య. ఎదుట హెడ్మాస్టరుగారు, రోజూ అయిదుకు అయిదు. వెనక వడ్రంగి. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, రోజూ సున్నా. ఇవాళ కూడా సున్నా వస్తే డాక్టరుగారు అతన్ని ఇంటికి కాక ఊరి బయట సంరక్షణ కేంద్రానికి పంపేస్తారు. భార్య పగలంతా కుట్టుపనికి పోతుంది. ఏమీ గుర్తుండని మనిషిని ఒంటరిగా ఎలా వదలడం? ఆ ఇల్లాలు పొద్దుటి నుంచీ అతని చెయ్యి వదల్లేదు. ఇప్పుడు ఒళ్లు తుడవాలని నర్సు ఆమెను బయటికి పంపి, మంచం చుట్టూ తెర లాగింది.

"గొడుగు..." అని హెడ్మాస్టరుగారు ఆగిపోయారు. "అమ్మాయ్, ఆ తెర తీయించు. గాలి ఆడటం లేదు."

నర్సు పని ముగించి తెర తీసింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "నిమ్మకాయ. పిల్లి. తాళం." కళ్లు మాత్రం మాటలమ్మ భుజం మీదుగా పోతున్నాయి.

ఆమె గిరుక్కున తిరిగింది. వడ్రంగి లేని సబ్బుతో ఎడమచేత్తో మెడ రుద్దుకుంటున్నాడు. దొరికిపోయి చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు.

మాటలమ్మకు నవ్వాగలేదు. ఆ వెంటనే మార్కుల కాగితం మీద అతని సున్నాల వంక చూసింది. అతని వంతు వచ్చినప్పుడు పాపం మాట పెగల్చుకోవడానికే అవస్థ పడేవాడు. తను ఆ నోటి వంకే చూసి సున్నా వేసేది.

"ఎన్నాళ్లుగా మాస్టారూ ఈ భాగోతం?"

"మొదటి నుంచీను. బతుకంతా కాపీ కొట్టేవాళ్లనే పట్టుకున్నానమ్మా. ఎలా కొట్టాలో అక్కడే నేర్చుకున్నా."

సంగతి విని డాక్టరుగారు పగలబడి నవ్వారు. "ఇద్దరి మార్కులూ కొట్టెయ్యండి. ఆ మాటలు రోజూ వినేవే కదా, కొత్తవి చెప్పండి. అతన్ని బొమ్మలు చూపించమనండి."

మాటలమ్మ ఇద్దరికీ కొత్త అయిదూ చెప్పింది. దువ్వెన, ఏనుగు, నిచ్చెన, గంట, చేప. కాసేపాగి బొమ్మల అట్టలు పరిచింది. వడ్రంగి వేలు నెమ్మదిగా నాలుగింటి మీద వాలింది. ఒంటరిగా ఉండగలడా అని పొయ్యి ఆర్పడం, తలుపు గడియ తీయడం కూడా డాక్టరుగారు చేయించి చూశారు.

"ఇంటికి తీసుకెళ్లమ్మా" అన్నారు, తిరిగొచ్చిన అతని భార్యతో.

ఆ ఇల్లాలు నవ్వుతూనే ఏడ్చేసింది. హెడ్మాస్టరుగారికి కొత్త పరీక్షలో రెండే వచ్చాయి, ఇంకొన్నాళ్లు ఉండమన్నారు. "న్యాయమే" అన్నారాయన.

సాయంత్రం వడ్రంగి, భార్య భుజం పట్టుకుని, గుమ్మం దగ్గర మాస్టారికి మీసం దువ్వి చూపించి, వెళ్లిపోయాడు.

ఖాళీ మంచం సర్దుతూ మాటలమ్మ రెండు మంచాల మధ్య ఉన్న బల్లను జరిపింది. అది టకటకా ఊగింది.

"కదపకమ్మా" అన్నారు మాస్టారు. "అది ఊగుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అతను వచ్చిన మర్నాడే సరిచేశాడు."

ఆమె వంగి చూసింది. బల్ల పొట్టికాలు అంతవరకూ ఆనిన చోట, అంచులు సమంగా మడిచి నొక్కిన మందుల డబ్బా అట్టముక్క ఒకటి నేలకు అతుక్కుని ఉంది.