వేపచెట్టుకి ఇవతల

తప్పు చేస్తే ఒప్పుకునే రకం కాదని మా ఆయన సురేష్ నా గురించి నలుగురికీ చెబుతుంటాడు. శుద్ధ అబద్ధం. అసలు నేను తప్పు చేసిందెప్పుడు, ఒప్పుకోవడానికి?

ఆ నమ్మకంతోనే మొన్న వేసవిలో ఒక శుక్రవారం పొద్దున్నే చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి, పామర్రు శివార్లో ఉన్న మా రెండున్నర సెంట్ల జాగాలోకి దిగాను. మా నాన్న ఎలీషా కూలి చేసిన చేనే అది. యజమానులు దాన్ని ముక్కలు కోసి అమ్మినప్పుడు ఒక ముక్క ఆయన కొనుక్కున్నాడు. పోతూ పోతూ నాకిచ్చాడు. పదకొండేళ్లుగా నేను అందులో కత్తి పెట్టిన పాపాన పోలేదు. సర్కారు తుమ్మ మనిషి ఎత్తు లేచింది. దాని కింద వయ్యారిభామ, ఉమ్మెత్త, పేరు తెలియని తీగలు. రోడ్డు వార వేపచెట్టు రాల్చిన ఆకు ఏళ్ల తరబడి పేరుకుపోయి, కాలు పెడితే మడమ దాకా దిగబడుతోంది.

సోమవారం మేస్త్రీ వచ్చి ముగ్గు పోస్తాడు. వెనక రెండు గదులు, రోడ్డు వైపు కుట్టుమిషన్ల కొట్టు. ఇరవై రెండేళ్లు ఇంకొకరి కొట్టు అరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుట్టాను. వాన జల్లు కొడితే బట్టల మీద పట్టా కప్పి, నేను తడుస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నా కొట్టు కట్టబోతున్నాను. రెండు మిషన్లు పట్టాలి, ఒకటి నాకు, ఒకటి నా దగ్గర పని నేర్చుకున్న రామతులసికి. వెడల్పు పది అడుగులుంటేనే రెండూ పడతాయి. ఆ పది అడుగులు ఉన్నాయా లేవా అన్నదే పేచీ.

పేచీ పక్క జాగా వెంకటకృష్ణారావు గారితో. బియ్యం వ్యాపారం చేసి మానుకున్న పెద్దమనిషి. పోయినేడాది ఆయన తన జాగా బాగు చేయించడానికి జేసీబీని తెప్పించారు. అది రోడ్డు మీంచి మలుపు తిరుగుతూ, మా ఇద్దరికీ మధ్య ఉన్న హద్దురాయిని తుప్పలతోపాటు పెకలించి లారీలో పోసేసింది. ఆ రాయి వేపచెట్టుకి అవతల, ఆయన వైపు ఉండేదని నేను. కాదు, ఇవతల మీ వైపే ఉండేదని ఆయన. తేడా మూడడుగులు. కాగితాల్లో సెంట్లూ, చుట్టూ ఎవరెవరున్నారో తప్ప అడుగుల లెక్క లేదు.

"జేసీబీని పిలిస్తే గంటలో పనైపోద్ది కదే," అన్నాడు మా ఆయన.

"జేసీబీ వచ్చే కదా రాయి పోయింది. ఇప్పుడు రాయి ఉన్న చోటు కూడా పోగొట్టుకోమంటావా?" అన్నాను. తన ఆటో తీసుకుని కిరాయికి పోయాడు.

తుమ్మ నరకడానికి ఒక పద్ధతుంది. పంగలకర్రతో కొమ్మని అవతలికి నొక్కిపెట్టి మొదట్లో వెయ్యాలి కత్తి. చేత్తో పట్టుకున్నవాడు సాయంత్రం దాకా ముళ్లు తీసుకుంటూ కూర్చుంటాడు. చిన్నప్పుడు నాన్న వెంట కంప కొట్టడానికి పోయి నేర్చుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి సగం, శనివారం పదకొండింటికి మిగతా సగం అయింది. మధ్యలో ఒక జెర్రిపోతు ఆకుల్లోంచి లేచి, నన్ను చూసి సర్రున పారిపోయింది. నాకు పాములు కూడా జడుస్తాయని మా ఆయనకి చెప్పాలనుకున్నాను.

రావుగారి ఇల్లు రోడ్డుకి ఎదురుగానే. రెండు రోజులూ వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నారు. పనిమనిషి చేత మజ్జిగ పంపారు. తాగాను. మజ్జిగ తాగినంత మాత్రాన మూడడుగులు వదిలేస్తామా?

నాకంత ధీమా ఎందుకంటే, ఆ రాయి పాతిన రోజు నేనున్నాను. పదిహేనేళ్లదాన్ని. నాన్న గొయ్యి తవ్వి, అడుగున రెండు దోసిళ్ల బొగ్గులు పోసి, వాటి మీద రాయి నిలబెట్టాడు. బొగ్గులెందుకని అడిగాను.

"రాయినెవడైనా పీకుతాడే. బొగ్గుల్నెవడు పీకుతాడు? అయ్యి పుచ్చవు, చెద పట్టవు," అన్నాడు.

మా పొయ్యిలో బొగ్గులు ఏరి తట్టలో మోసుకెళ్లింది నేనే. వేపచెట్టు అప్పటికి నా భుజాల దాకా వచ్చే మొక్క. ఈ సంగతి రావుగారికి చెప్పలేదు. బొగ్గులు తవ్వి తీసి, ఆయన ముందు పోసి, అప్పుడు చెబుదామని దాచుకున్నాను.

చెట్టుకి అవతల ఆకంతా ఊడ్చి గడ్డపార వేశాను. మూరెడు లోతు తవ్వాను. మట్టి, వేళ్లు, ఒక పగిలిన సీసా. జానెడు అటు తవ్వాను, జానెడు ఇటు తవ్వాను. ఏమీ లేదు. వేళ్లు తినేసి ఉంటాయనుకున్నాను. బొగ్గుల్ని వేళ్లు తినవని నాకూ తెలుసు.

సరే, ఇవతల కూడా ఊడ్చేద్దామని మొదలుపెడితే చీపురు ఒకచోట పల్లంలో పడింది. రాయి లేచిపోయిన గొయ్యి, ఏడాది ఆకుతో పూడిపోయి ఉంది. కూర్చుని చేత్తో ఆకు తీశాను. పారతో కాస్త మట్టి తీశాను. ఇంకాస్త తీశాను. పార అంచున నల్లటి ముక్క తగిలింది. వేళ్ల మధ్య నలిపితే చెయ్యంతా మసి. దాని కింద ఇంకా ఉన్నాయి, దోసెడు.

ముప్ఫై ఏడేళ్లయినా నాన్న పోసినవి పోసినట్టే ఉన్నాయి. నేనే తప్పు. తట్ట వేప మొక్క పక్కన దించిన గుర్తుంది గానీ, ఏ పక్కనో గుర్తు లేదు. గుర్తున్నట్టే ఏడాదిగా పోట్లాడుతున్నాను.

సరిగ్గా అప్పుడే రావుగారు గొడుగు వేసుకుని రోడ్డు దాటి వచ్చారు.

"ఇంక చాలమ్మా మార్తా, ఎండదెబ్బ కొట్టుద్ది. నా మాట విను. రాయి పోయింది నా జేసీబీ వల్లే గదా. పేచీలు పెట్టుకునే వయసా నాది? నువ్వన్నట్టు చెట్టుకి అవతల దాకా కట్టుకో. మేస్త్రీకి నేనే చెప్తాను." అని గోతిలోకి చూశారు. "ఎవరో ఇక్కడ పొయ్యి పెట్టుకున్నట్టున్నారే."

ఆయనకి తెలీదు. గొయ్యి పక్కనే ఆకుల కుప్ప ఉంది. కాలితో ఒక్క తోపు తోస్తే కొట్టులో రెండు మిషన్లూ పడతాయి. రామతులసి అప్పుడే గోడలకి రంగు కూడా ఎంచి పెట్టింది. ఆశ పుట్టలేదని చెప్పను. బాగానే పుట్టింది. కాలు కూడా లేచింది.

"పొయ్యి కాదండీ," అన్నాను. "మా నాన్న పోసిన బొగ్గులు. హద్దురాయి కింద పోశాడు. రాయి ఇక్కడే ఉండేదండీ. మీరు చెప్పిందే నిజం."

ఆయన వంగి ఒక బొగ్గు ముక్క తీసి చూశారు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదమ్మా," అన్నారు.

"మీకు తెలీదు. నాకు తెలిసిపోయింది కదా, ఏం చెయ్యమంటారు?" అని కసిరాను. జాగా పోయినందుకు కొంత, నాన్న గుర్తొచ్చి కొంత, ఏడుపొచ్చేసింది. చొక్కా చేతితో తుడుచుకుంటే మొహమంతా మసి అయింది.

"పోనీ, ఆ మూడడుగులూ వాడుకో. నేనేం అనను."

"వద్దండీ. ఒకళ్ల దయ మీద ఇరవై రెండేళ్లు కూర్చున్నాను, చాలు. కొత్త రాయి మాత్రం మీరే కొనాలి. పోగొట్టింది మీ జేసీబీయే."

రావుగారు పెద్దగా నవ్వారు. "రేపే తెప్పిస్తాను తల్లీ," అన్నారు.

సోమవారం మేస్త్రీ చెట్టుకి ఇవతలే ముగ్గు పోశాడు. రామతులసి మిషను వెనక గదిలో కిటికీ కింద వేయిస్తానంటే, అక్కడైతే గాలొస్తుందిలే అంది. కొట్టు ఏడడుగులే. అందులో మా నాన్న ఇచ్చింది తప్ప ఇంకొకరిది అంగుళం లేదు.