సుద్ద చుక్క

సాయంత్రం అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. నిచ్చెనల కార్ఖానాలో ఆ రోజు తయారైన సరుకంతా గోడవారన వరసగా నిలబెట్టి ఉంది. మేస్త్రి చేతిలో సుద్దముక్క పట్టుకుని ఒక్కో నిచ్చెన ముందు వంగుతున్నాడు. కింది మెట్టు అడుగున ఒక చుక్క పెట్టి పక్కదానికి జరుగుతున్నాడు. ముప్పై నిచ్చెనలకు ముప్పై చుక్కలు పెట్టడానికి ఆయనకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బయటనుంచి చూసేవాళ్ళకు ఇందులో వింతేమీ కనపడదు. పనివాడు పని చేస్తున్నాడు, సరుకు సిద్ధమైంది, గేటు దగ్గర వ్యాను ఎదురుచూస్తోంది. కాని ఆ అయిదు నిమిషాల్లో ఎంత ఘోరం జరిగిపోయిందో తెలియాలంటే ఆ చుక్క సంగతి మొదటినుంచీ చెప్పాలి.

అవి అల్యూమినియం నిచ్చెనలు. రెండు పక్కలా నిలువు బద్దలు, వాటి మధ్య మెట్లు, మెట్టును బద్దకు పట్టి ఉంచే రివెట్లు. మెట్టుకు నాలుగు రివెట్లు. ఎక్కేవాడి ప్రాణం ఆ నాలుగింటి మీదే ఉంటుంది. రివెట్టు బిగువుగా కూర్చుందో లేదో కంటితో చూస్తే తెలియదు, పైకి అన్నీ ఒకలాగే మెరుస్తుంటాయి. అందుకని మేస్త్రి చిన్న సుత్తితో ఒక్కోదాన్నీ తట్టి వినేవాడు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. లోపల వదులైనది టప్పుమని ఊరుకుంటుంది. టప్పుమన్నదాన్ని పీకించి మళ్ళీ కొట్టించేవాడు. అన్నీ ఖంగుమన్నాకే కింది మెట్టు అడుగున సుద్దతో చుక్క పెట్టేవాడు.

ఈ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు. "ఎందుకయ్యా నీకీ గొడవ?" అని తోటివాళ్ళు అడిగితే, "ఎక్కేవాడికీ ఒక ఇల్లుంటుంది కదా, తిరిగి వెళ్ళాలి కదా" అనేవాడు. వాళ్ళు నవ్వి ఆయనకు చెవుల మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

ముప్పై ఏళ్ళలో ఆ చుక్క గురించి దుకాణాలవాళ్ళకు తెలిసింది. వాళ్ళ ద్వారా ఇళ్ళకు రంగులు వేసేవాళ్ళకు, కరెంటు పనివాళ్ళకు తెలిసింది. నిచ్చెన బేరమాడేముందు దాన్ని తిరగేసి "చుక్క ఉందా?" అని చూసుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది.

ఆ కార్ఖానా యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. రోజూ పొద్దున్నే వచ్చి మేస్త్రి దగ్గర ఒక నిమిషం ఆగేవాడు.

"ఏమంటున్నాయి మేస్త్రీ నిచ్చెనలు?"

"ఒకటి అలిగిందండీ. బుజ్జగిస్తున్నాను."

"కానీయండి. తొందర లేదు."

తన దగ్గర పనిచేసే మనిషిని పెద్దాయన 'మీరు' అనే పిలిచేవాడు. మేస్త్రి వంగి వంగి నడుం పట్టుకోవడం ఒకనాడు చూసి, మర్నాడు తన ఇంట్లోంచి ఒక చెక్క స్టూలు మోసుకొచ్చి వేశాడు. జీతం గొప్పదేమీ కాదు. అయినా ఏటా అడగకుండానే కొంత పెరిగేది. "మీరు అడిగేదాకా ఆగితే సిగ్గుపడాల్సింది నేను" అనేవాడు. మేస్త్రికి ఆ మాట జీతంతో పాటు ఇంటికి చేరేది. భార్యకు చెప్పి మురిసిపోయేవాడు.

ఆమెకు మాత్రం ఒకటే ఫిర్యాదు. ఇంట్లో కూర్చున్నా ఆయన ధ్యాస రివెట్ల మీదే. మూడుసార్లు పిలిస్తేగాని పలకడు. "నిచ్చెన గుసగుసలాడినా వినపడుతుంది, నేను గొంతు చించుకున్నా వినపడదు. నన్నూ ఆ గోడకి నిలబెట్టి ఓసారి తట్టి చూడండి" అని దెప్పేది. ఆయన నవ్వేవాడు.

పెద్దాయనకు మోకాళ్ళు పట్టేశాయి. కార్ఖానా కొడుకు చేతికి వచ్చింది. ఆ చిన్నాయన దుర్మార్గుడేమీ కాడు. అద్దె పెరిగింది, పోటీ పెరిగింది, తండ్రి నిలబెట్టినదాన్ని తను ముంచకూడదన్న భయం అతనికుంది. అయితే ఆ భయమంతా పనివాళ్ళ నెత్తిన పడింది. రోజుకు ఇరవై నిచ్చెనలు చేసేచోట ముప్పై కావాలన్నాడు. గోడలకు కెమెరాలు పెట్టించాడు. నిలబడితే చురుగ్గా ఉంటారని కుర్చీలతో పాటు మేస్త్రి స్టూలు కూడా సామాన్ల గదిలో పడేయించాడు. మూడేళ్ళు ఎవరికీ జీతం పెరగలేదు.

మేస్త్రి వెళ్ళి అడిగాడు. జీవితంలో ఆయన జీతం పెంచమని అడగడం అదే మొదటిసారి.

"బాబూ, ఇంటి అద్దె పెంచారు. కాస్త చూడండి."

చిన్నాయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "నీ వయసుకి ఉద్యోగం ఉండటమే ఎక్కువ. బయటికెళ్ళి చూడు, ఎవరిస్తారో."

'మీరు' అనిపించుకున్న చోటే 'నువ్వు' అనిపించుకుని మేస్త్రి బయటికొచ్చాడు. అయినా సుత్తి మానలేదు. పనివేళల్లో తీరిక దొరక్క, మధ్యాహ్నం అన్నం మానుకుని ఆ అరగంటలో తట్టేవాడు. ఇంటికి తిరిగొచ్చిన నిండు అన్నం డబ్బా చూసి భార్య ఏడ్చింది. అది చాలక పనివేళల్లోనూ అక్కడక్కడా నాలుగు నిమిషాలు మిగుల్చుకునేవాడు.

ఒకరోజు చిన్నాయన అందర్నీ పిలిచి, గోడమీది తెర ముందు నిలబెట్టాడు. కెమెరా తీసిన బొమ్మ అందులో కదులుతోంది. చెవుల మేస్త్రి తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, సుత్తితో తడుతున్నాడు.

"చూశారా? గంటలో పావుగంట సుత్తి పట్టుకుని ఆడుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని మరీ! ఈ ఆటకి కూడా నేను జీతం ఇవ్వాలా?"

ఎవరో ఇద్దరు నవ్వారు. యజమాని నవ్వించాలనుకున్నప్పుడు నవ్వకపోతే బాగుండదని నవ్వారు. ఆ నెల మేస్త్రికి రెండు రోజుల జీతం కోశారు. అందరూ వెళ్ళిపోతుంటే చిన్నాయన వెనక్కి పిలిచి ఒక మాట అన్నాడు.

"చుక్క మాత్రం మానకు. దుకాణాలవాళ్ళు అడుగుతున్నారు."

తట్టకుండా చుక్క ఎలా పెట్టను అని మేస్త్రి అడగాల్సింది. ముప్పై ఏళ్ళ తన పనిని అందరి ముందూ ఆట అన్నారు, ఆ మాట దగ్గరే ఆయన మనసు ఆగిపోయింది. సుత్తిని మేకుకు తగిలించాడు. మర్నాటినుంచి చెప్పిన పని చెప్పినంతే చేశాడు. మెట్లు బిగించాడు, చుక్కలు పెట్టాడు, అయిదింటికి చేతులు కడుక్కున్నాడు. రోజుకు ముప్పై నిచ్చెనలు లెక్కకు సరిగ్గా వచ్చాయి. చిన్నాయన సంతోషించాడు.

ఇంట్లో భార్య మాత్రం గమనించింది. ఒకనాడు అన్నం వడ్డిస్తూ చేయి ఆపింది.

"ఏవండీ, ఇదివరకు మూడుసార్లు పిలిస్తేగాని పలికేవారు కాదు. ఇప్పుడు పెదవి కదిపితే చాలు, తిరిగి చూస్తున్నారు."

"అదేగా నువ్వు కోరుకుంది."

"కోరుకున్నాను. కానీ మీరిలా వింటుంటే నాకేదో భయంగా ఉంది."

ఆయన కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

ఒక గురువారం చుక్కలు పెడుతుంటే చివరనున్న చిన్న నిచ్చెన జారి గోడకు తగిలింది. ఆరు మెట్ల నిచ్చెన, ఇళ్ళల్లో వాడుకునేది. తగలగానే నాలుగో మెట్టు దగ్గర టప్పుమంది. మేస్త్రి ఆగిపోయాడు. ఇంకెవరికీ వినపడదది. ఆయనకు వినపడింది. ఎన్నాళ్ళ అలవాటో, చేయి దానంతటదే సుత్తి తగిలించిన మేకు వైపు వెళ్ళింది. అంతలో తెరమీద తన బొమ్మ గుర్తొచ్చింది. నవ్విన ఇద్దరూ గుర్తొచ్చారు. 'ఆట కదా ఇది, నాకెందుకు' అనుకున్నాడు. చేయి వెనక్కి వచ్చింది. వంగి చుక్క పెట్టేశాడు. ముందు చెప్పిన ముప్పై చుక్కల్లో ఆఖరిది అదే.

ఆ వారంలోనే పెద్దాయన తన ఇంటికి ఒక నిచ్చెన పంపమని కబురు పెట్టాడు. గోడగడియారం ఆగిపోయింది, దించి బాగుచేయించాలట. వ్యాను డ్రైవరు చేతికి అందిన ఆరు మెట్ల నిచ్చెన ఒకటి ఇచ్చి వచ్చాడు.

తర్వాత జరిగింది పెద్దాయన భార్యే చెప్పింది. మోకాళ్ళు బాగాలేవు, ఎవరినైనా పిలుద్దామని ఆవిడ వారించిందట. ఆయన నిచ్చెన తిరగేసి, కింది మెట్టు అడుగున వేలితో తడిమి చూసి, పిల్లాడిలా నవ్వాడట. "చుక్క ఉంది. మేస్త్రి వినేశాడు. ఇంక మనకేం భయం?" అని ఎక్కాడట. మొదటి మెట్టు, రెండోది, మూడోది. నాలుగోది ఒక పక్క ఊడి వచ్చింది. తుంటి ఎముక విరిగింది.

సోమవారం నాడు డ్రైవరు ఆ నిచ్చెనను తిరిగి తెచ్చి గోడవారన పడేశాడు. చుట్టూ మూగినవాళ్ళు ఏమైంది, ఎలా పడ్డారు అని అడుగుతున్నారు. మేస్త్రి ఎవర్నీ ఏమీ అడగలేదు. దగ్గరికి వెళ్ళి, వంగి, కింది మెట్టు అడుగున తన చుక్క చూశాడు. నాలుగో మెట్టు చూశాడు. చెప్పకుండానే గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి గదిలో పెద్దాయన మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. పక్కన కొడుకు కూర్చున్నాడు. మేస్త్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రండి మేస్త్రీ, లోపలికి రండి" అన్నాడు పెద్దాయన.

"నేను విన్నానండీ." మేస్త్రి మంచం దగ్గరికి వచ్చాడు. "నాలుగో మెట్టు టప్పుమంది. విన్నాను. వినీ చుక్క పెట్టాను."

చిన్నాయన దిగ్గున లేచాడు. "విన్నావా? వినీ పంపించావా? ఇన్నేళ్ళు మా ఉప్పు తిని..."

"కూర్చో" అన్నాడు తండ్రి. గట్టిగా అనే ఓపిక ఆయనకు లేదు. అయినా కొడుకు కూర్చున్నాడు.

"ఆయన మన ఉప్పు తినలేదురా. చేసిన పనికి జీతం తీసుకున్నాడు. నేను జీతమిచ్చింది మెట్లు బిగించినందుకు. వినమని ఏనాడూ అడగలేదు, విన్నందుకు ఏనాడూ ఏమీ ఇవ్వలేదు. అది ఆయన ఇష్టంకొద్దీ చేసింది. కాస్త మర్యాదగా చూస్తే చాలు, ఆ ఇష్టం అలాగే ఉండేది. నువ్వు దానికి కెమెరా పెట్టావు. పదిమందిలో నవ్వించావు. జీతం కోశావు. ఆ తర్వాత నీకు ముప్పై నిచ్చెనలు వచ్చాయి, నిజమే. ఆ ముప్పైలో ఒకటి మనింటికి వచ్చింది."

చిన్నాయన తల దించుకున్నాడు. పెద్దాయన కాసేపు ఊపిరి తీసుకుని మేస్త్రి వైపు తిరిగాడు.

"మిమ్మల్నీ ఒక మాట అనాలి మేస్త్రీ. కోపమొచ్చి సుత్తి మానేశారు, అందులో తప్పు పట్టను. చుక్క కూడా మానేయాల్సింది. కోపం మా మీద కదా. చుక్క చూసుకుని ఎక్కేవాడు మీకేం చేశాడు?"

మేస్త్రి మంచం కోడు పట్టుకుని కూలబడిపోయాడు. ఏళ్ళ తరబడి దిగమింగిన ఏడుపంతా అప్పుడు వచ్చింది. పెద్దాయన ఆయన తలమీద చేయి వేసి, అలాగే ఉంచాడు.

మర్నాడు మేస్త్రి గోడౌనులో ఉన్న నిచ్చెనలన్నింటి చుక్కలూ తడిగుడ్డతో తుడిచేశాడు. చిన్నాయన చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపవుతుందని అడగలేదు. ఫోను తీసి ఒక్కో దుకాణానికీ తనే చేసి, ఈ మధ్య పంపిన సరుకంతా వెనక్కి పంపమన్నాడు.

పెద్దాయన మళ్ళీ మంచం దిగలేదు. రెండు నెలలకు కన్నుమూశాడు.

ఆ తర్వాత చిన్నాయన అందరికీ జీతాలు పెంచాడు. కెమెరాలు తీయించేశాడు. సామాన్ల గదిలోంచి చెక్క స్టూలు తనే తెచ్చి, దుమ్ము తుడిచి మేస్త్రి దగ్గర వేశాడు.

"కూర్చోండి మేస్త్రీ" అన్నాడు. ఆ నోటినుంచి 'మీరు' అనిపించుకోవడం మేస్త్రికి అదే మొదటిసారి.

మేస్త్రి కూర్చున్నాడు. మేకుకున్న సుత్తి తీశాడు. మొదటి రివెట్టు ఖంగుమంది. ఒకప్పుడైతే పక్కదానికి జరిగేవాడు. ఇప్పుడు మళ్ళీ తట్టాడు, ఇంకోసారి తట్టాడు. తన చెవిమీద తనకే నమ్మకం లేదు. సాయంత్రానికి తొమ్మిది నిచ్చెనలే అయ్యాయి. గోడవారన వాటిని చూసి ఆయన బెదురుగా తలెత్తాడు.

"కానీయండి. తొందర లేదు" అన్నాడు చిన్నాయన. అచ్చం తండ్రి గొంతే. చిన్నాయన నోట ఆ మాట వినాల్సిన రోజుల్లో మేస్త్రికి వినపడలేదు, వినపడేనాటికి ఆ మాట మొదట అన్న మనిషి లేడు.

పనిచేసే మనిషికి తగిన జీతం, తగిన మర్యాద ఇవ్వడం యజమాని చేసే దానం కాదు. ఆ పనిని నమ్మి మెట్టు మీద కాలు పెట్టే ప్రతి మనిషి ప్రాణానికీ కాపలా అదే.