నన్ను చిత్రిక పట్టిన వేసవి

నేను ఒక గోడను. ఇటుక గోడను కాను. ప్లైవుడ్ పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి సత్తిబాబు అనే వడ్రంగి చేసిన నమూనా గోడను. కాకినాడ దగ్గర ఒక పరిశోధనశాలలో ఫ్యూజన్ విద్యుత్ యంత్రానికి అసలు కొలతలతో చెక్క నమూనా కట్టారు. అసలు యంత్రంలో అయితే లోపల సూర్యుడిలో రగిలేటువంటి మంట, బయట గడ్డకట్టే చలిలో ఉంచాల్సిన అయస్కాంతాలు. మంటలోంచి దూసుకొచ్చే న్యూట్రాన్లను మధ్యలో ఆపడం నా పని. అందుకే చెయ్యి చాచినంత మందం ఉండేదాన్ని. చూసినవాళ్లంతా నా ఒళ్లు చూసి నవ్వేవాళ్లే.

మనుషులకు ఏదైనా చిన్నదైతే ముద్దు. డైరెక్టర్ చక్రధర్‌గారు యంత్రం మొత్తం ఒక లారీలో పట్టేస్తుందని పెట్టుబడిదారులకు మాట ఇచ్చేశారు. బలమైన అయస్కాంతాలు దొరికాయి, మంట చిన్నదైంది, అన్నీ కుదించుకున్నాయి. అడ్డం నేనొక్కదాన్నే. దాంతో ఆ వేసవంతా మీటింగ్ అయినప్పుడల్లా సత్తిబాబు వచ్చి నా పలక ఒకటి ఊడదీసి, అంచులు చిత్రిక పట్టేవాడు. చివరికి సగమయ్యాను. నమూనా లారీ ఎక్కింది. మిఠాయిలు పంచుకున్నారు. చెక్క తగ్గితే న్యూట్రాన్లూ తగ్గాయనుకున్నారు, పాపం!

హైమవతి మాత్రం మిఠాయి ముట్టలేదు. గోడ లెక్కలు చూసే ఇంజినీరు ఆమే. ఈ గోడ చాలని ఆమె సంతకం పెడితే ప్రాజెక్టు నిలుస్తుంది, ఏళ్ల తరబడి తినీ తినకా కూడగట్టుకున్న బృందం నిలుస్తుంది. పెట్టకపోతే అన్నీ పోతాయి. ఆమె మొహం చూస్తే నాకు ఈ పిల్ల కోసమైనా సన్నబడి బతికేద్దామనిపించింది.

“మంట చిన్నదైందని న్యూట్రాన్ల జోరు తగ్గదు సార్,” అంది నెమ్మదిగా. “ఈ గోడ దాటొచ్చి అయస్కాంతాలకి తగులుతాయి. ఏడాది తిరక్కుండా యంత్రం చచ్చిపోతుంది. నేను సంతకం పెట్టలేను.”

చక్రధర్‌గారు కోప్పడలేదు. కుర్చీలో కూలబడి, తనకూ తెలుసనీ, ఎవరో ఒకరు అంటే బాగుండునని చూస్తున్నాననీ చెప్పారు. పెట్టుబడిదారులు తప్పుకున్నారు. ప్రాజెక్టు మూసేశారు, బృందం తలో దిక్కూ అయింది.

నన్ను గోడౌనుకు తరలించే రోజున హైమవతి సత్తిబాబును పిలిచి, ఊడదీసిన పలకలన్నీ మళ్లీ అంటించమంది.

“ప్రాజెక్టే పోయింది కదండీ, ఇంకెందుకండీ మేడంగారూ?” అన్నాడతను.

“రేపు ఇంకెవరో వస్తారు సత్తిబాబుగారూ. సగం గోడ కనిపిస్తే ఇదే చాలనుకుంటారు.”

అతను వెళ్లి జిగురు డబ్బా తెచ్చుకున్నాడు. ఆమె కొంగు దోపుకుని పలకలు అందించింది. ఆఖరిది గట్టిగా అంటుకునేదాకా రెండు చేతులతో అదిమిపట్టి నిలబడింది.