చెమ్మ పట్టని గిటారు

వరద మా వీధిలో గడపలు దాటిన ఏడాది నా చెక్క గిటారు నీళ్లు తాగి పొట్ట ఉబ్బి పగుళ్లిచ్చింది. అల్లుడు జాలిపడి కార్బన్ ఫైబర్ గిటారు తెచ్చిచ్చాడు. బొగ్గులా నల్లగా ఉంది.

కచేరీల్లో నేను వాయిస్తాను, బావమరిది పాడతాడు. ఏళ్ల తరబడి వాడి గొంతు శ్రుతి తప్పినప్పుడల్లా జనం ముందే నావైపు తిరిగేవాడు.

"బావా, చెక్కకి చెమ్మ పట్టింది, కాస్త బిగించు."

నేను ఉత్తుత్తినే తీగల మరలు తిప్పేవాణ్ణి. అందరూ చెక్కనే తిట్టుకునేవారు.

కొత్త గిటారుతో మొదటి కచేరీ ఒక హోటల్లో. పల్లవిలోనే వాడి గొంతు జారింది.

"బావా, చెమ్మ..." అన్నాడు అలవాటుకొద్దీ. నేనూ అలవాటుకొద్దీ మర మీద చెయ్యి వేశాను.

ముందు బల్ల దగ్గర అల్లుడు లేచాడు. "బిగించకండి మావయ్యగారూ! దానికి చెమ్మ పట్టదు. బకెట్లో ముంచినా పట్టదు!"

హోటలంతా ఒకటే నవ్వు. బావమరిది మైకు కింద పెట్టేశాడు.

"ఇంక నా జన్మలో పాడను. నువ్వూ, నీ ప్లాస్టిక్ బిందే పాడుకోండి!" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చెక్క గిటారు పగుళ్లకు జిగురు పూసి, చంకన పెట్టుకుని వాడి గుమ్మంలో నిలబడ్డాను.

"ఒరేయ్, దీనికింకా చెమ్మ ఆరలేదురా" అన్నాను.