నోటీసు పీరియడ్

…అందులోనూ చివరి పదిహేను రోజులు మరీ బాగుంటాయి, తిట్టేవాళ్లు తిట్టడం మానేస్తారు, పలకరించనివాళ్లు కాఫీకి పిలుస్తారు, మన కంటికి మనమే కాస్త ఎత్తుగా కనిపిస్తాం. మరి ఈసారి ఆ రుచి ఎందుకు తగల్లేదు, అని ఆలోచిస్తున్నాడు ముస్తాక్. హిందూపురంలో ఎక్కిన పాసింజరు రైలు మలుగూరు దాటి తీరిగ్గా పెనుకొండ వైపు పోతోంది. పెనుకొండ ఉద్యోగంలో అతనికి ఇది చివరి రోజు. సోమవారం బెంగళూరులో కొత్త కంపెనీలో చేరాలి. అది ఏడోది.

రాజీనామా ఇచ్చాక కంపెనీ వదిలేదాకా గడిచే రెండు నెలలను సాఫ్ట్‌వేర్ వాళ్లు నోటీసు పీరియడ్ అంటారు. ముస్తాక్ తన ఉద్యోగాలను తలచుకుంటే కంపెనీలు గుర్తుకు రావు, ఆ నోటీసు పీరియడ్లే గుర్తుకొస్తాయి.

మొదటి కంపెనీ బెంగళూరులో. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని పని. మీటింగుల్లో నోరు తెరిచేవాడు కాదు. తన ఇంగ్లీషులో హిందూపురం వినబడుతుందని ఒక భయం. దానికంటే లోపల ఇంకోటి ఉండేది: తనకు పని రాదన్న సంగతి ఏదో ఒక రోజు అందరికీ తెలిసిపోతుందని. అలాగే మూడేళ్లు నెట్టుకొచ్చాక, ఒక స్నేహితుడు రాజీనామా చేస్తుంటే తోడుగా తనూ చేశాడు. తర్వాత వచ్చేవాళ్లకు పని అప్పగించడానికి కూర్చున్న రోజున మేనేజరు కూడా కుర్చీ లాక్కుని వచ్చి విన్నాడు. ఇక పోయేదేముంది అన్న ధైర్యంతో ముస్తాక్ నోరు విప్పితే, మూడేళ్లుగా గొంతులో నిలిచిపోయినదంతా ధారగా వచ్చింది. ఇది ఇలా ఎందుకుంది, ఎలా ఉంటే బాగుండేది, ఎవరు ఎక్కడ తొందరపడ్డారు, అన్నీ చెప్పాడు. "ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు మేనేజరు. కేకు కోశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో, తనకు పని వచ్చునని ముస్తాక్ మొదటిసారి నమ్మాడు.

ఆ నమ్మకం రెండో కంపెనీ గేటు దగ్గరే జారిపోయింది. అది హైదరాబాదులో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. మళ్లీ అదే మౌనం, అదే రాజీనామా, అదే ధార, కేకు మాత్రం పెద్దది. మూడోదాని సంగతి కేకుతో సహా మరిచిపోయాడు. నాలుగోది, నిక్కర్లేసుకుని తిరిగే కుర్ర ఓనర్లు ఇంటింటికీ కూరగాయలు పంపే యాప్ నడిపిన చోటు. అది మూతపడినప్పుడు అందరికీ ఒకేసారి నోటీసు పీరియడ్ వచ్చింది. ఆ ఆఫీసు అంత కలివిడిగా అంతకుముందెప్పుడూ లేదు. ఐదోది ఎంత పెద్దదంటే, తన మేనేజరు ఎవరో తెలుసుకునేలోగా ఆ మేనేజరే మారిపోయేవాడు.

"నీకు కావాల్సింది ఉద్యోగం కాదప్పా, సెండాఫ్," అనేది అతని భార్య షబీనా.

నవ్వేవాడు గానీ ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. ఈసారి బెంగళూరు ఆఫర్ చూపించినప్పుడు కూడా ఆమె వద్దనలేదు. "పనికోసం పోతానంటే రేపే సామాన్లు సర్దుతా. కేకు కోసమైతే చెప్పు, వీధి చివర బేకరీలోనే తెచ్చిస్తా," అంది.

పనికోసమే, అన్నాడు. జీతం ఎక్కువే. అయినా అసలు కారణం అతనికి తెలుసు. ఏ చోటైనా మూడేళ్లు నిండితే లోపల ఏదో కదులుతుంది. ఎవరో తన గురించి తెలుసుకోబోతున్నారనీ, తెలిసేలోగా తనే లేచిపోవాలనీ.

ఈ పొద్దున తండ్రి కాలేసాబ్ తన పరుపుల అంగడి ముందు దూది దులుపుతున్నవాడల్లా ఆపి అడిగాడు. "ఈసారి ఆడ ఎన్నేండ్లుంటావు రా?"

"ఏమో నాయనా, ఇప్పుడే ఎట్ల చెప్పేది?"

"పరుపు కొనేవాడు గూడా ఎన్నేండ్లొస్తాదని అడిగి కొంటాడు. కంపెనీవోళ్లు నిన్ను అడగల్యా?"

పక్క అంగడివాళ్లు నవ్వారు. ముస్తాక్ కూడా నవ్వి రైలుకు పరుగెత్తాడు.

పెనుకొండలో దిగి స్టేషన్ బయట ఉగ్గాని తిని, నడిచే ఆఫీసుకు పోయాడు. ఆఫీసంటే ఓనరు అశ్వత్థనారాయణ గారి మోటారు సామాన్ల అంగడి మీద రెండు గదులు. చిన్న చిన్న అంగళ్లకు బిల్లులూ సరుకు నిల్వలూ తెలుగులో, కన్నడంలో చూపించే ప్రోగ్రాము అక్కడ తయారవుతుంది. పరిగి నుంచి రొళ్ల దాకా ఎన్నో అంగళ్లలో అది నడుస్తోంది. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పనిచేసిన ముస్తాక్‌ను ఐదో కంపెనీ మళ్లీ ఆఫీసుకు రమ్మన్నప్పుడు, కొన్నాళ్లకని ఇక్కడ చేరాడు.

రాజీనామా కాగితం ఇచ్చిన రోజును తలచుకుంటే అతనికి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అశ్వత్థనారాయణ అద్దాలు పెట్టుకుని చదివాడు.

"ఎప్పుడప్పా పోయేది?"

"రెండు నెలలకి సార్."

"రెండు నెలలకి పోయేవానివి ఇప్పుడే చెప్తాండావేమప్పా? మా అంగట్లో పోయినోడు ఎవడూ చెప్పి పోలేదు. తెల్లారి రాకపోతే పోయినాడని మాకే తెలుస్తాది." కాగితం మడిచి డెస్కు సొరుగులో పెట్టాడు. "సరే గానీ, రొళ్ల అంగడాయప్ప పొద్దున్నుంచి ఫోన్ చేస్తాండాడు. బిల్లు రాలేదంట, చూడు పో."

అంతే. అయ్యో అనలేదు, ఉండమనలేదు, కనీసం ఎక్కడికని అడగలేదు. మరుసటి రోజూ అదే పని, అదే పలకరింపు. తర్వాత అప్పగింతలు మొదలుపెడదామని పల్లవిని పిలిచాడు. పల్లవి అతనితో కలిసి ప్రోగ్రాములు రాసే అమ్మాయి, పెనుకొండే.

"ఈ భాగం ఏమిటంటే…" అని మొదలుపెట్టాడు.

"తెలుసు సార్. మీరు రాసినపొద్దే చెప్పినారు కదా."

"మరి ఇది?"

"అది నేను వద్దన్నా మీరు పెట్టిందే కదా. దాని మీద మనం కొట్లాడుకోల్యా?"

అరగంటలో అప్పగింతలు అయిపోయాయి. పల్లవి లేచి పోయింది. చెప్పడానికి ఏమీ మిగలని గొంతుతో ముస్తాక్ అక్కడే కూర్చున్నాడు. అలా రెండు నెలలూ చప్పగా గడిచిపోయాయి.

ఇవాళ మెట్లెక్కి గదిలో అడుగుపెడుతుంటే సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి తనలో గమనించాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, కళ్లు గదంతా తిరుగుతూ కేకు డబ్బా కోసం వెతుకుతున్నాయి. పదకొండు దాటాక పల్లవి పెద్ద అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ముస్తాక్ తల వంచుకుని, ఏమీ చూడనట్టు స్క్రీను వైపు తిరిగాడు. ఆశ్చర్యపోయే ముఖం ఒకటి లోపల సిద్ధం చేసుకున్నాడు కూడా. పెట్టె తెరిస్తే బిల్లు మిషన్ల పేపరు రోల్సు.

"మీకేమన్నా కావల్లా సార్, అట్ల చూస్తాండారు?"

"ఏం లేదమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు అశ్వత్థనారాయణ తన క్యారియరు తీసుకుని రోజూ లాగే పైకి వచ్చాడు. ఆయనకు ప్రోగ్రాములు రాయడం రాదు. అందుకే మొదటి రోజు నుంచీ ఒక అలవాటు పెట్టాడు. అన్నం తింటూ ఒక్కొక్కరూ ఆ పొద్దు ఏం చేశారో ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి. అర్థం కాకపోతే ఆయన పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోతాడు.

ఇవాళ ఆయనే మొదలుపెట్టాడు. "బుక్కపట్నం చెరువులో చేపలు పట్టేవోళ్లు మన ప్రోగ్రాము కావల్లంటాండారప్పా. పొద్దున తూకమేసి రాస్తారంట. సాయంత్రానికి అమ్మింది తక్కువుంటాది. మిగిల్నది యాడ పోయినట్ల? మన ప్రోగ్రామేమో దొంగతనం పోయినట్ల ఎర్రగా చూపిస్తాది."

"మనది బేరింగులకీ బోల్టులకీ రాసింది సార్. అవి ఎండకు తగ్గవు కదా," అంది పల్లవి.

"నేను చేప తినేవాన్ని గాదు, నాకేం తెలుసు? ముస్తాకూ, నువ్వు చెప్పు."

చివరి రోజున కొత్త పని నాకెందుకు, అనాలనుకున్నాడు. అప్పటికే మనసు చెరువు గట్టు మీదికి పోయింది. "తరుగు అని వేరే గడి పెట్టల్ల సార్. ఐసు కరిగితే తగ్గుతాది, పొట్ట తీసి శుభ్రం చేస్తే ఇంకా తగ్గుతాది. చేప చేపకీ వేరే."

"అట్ల పెడితే దొంగ గూడా తరుగనే రాస్తాడు," అంది పల్లవి.

"ఒక్కొక్కరి తరుగు దినామూ రాసి పోల్చి చూస్తే దొంగ బయటపడతాడు. ఒక్క దినం ఎక్కువుంటే ఎండ. ఒక్క మనిషికే దినామూ ఎక్కువుంటే వాడే."

అశ్వత్థనారాయణ ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. "ఇంత యాలప్పా? అందరికీ నూటికి పది తగ్గించి పెడితే సరిపాయె."

"అది తప్పు సార్," అన్నాడు ముస్తాక్. "పెద్ద చేపకీ చిన్న చేపకీ ఒకటే లెక్క ఎట్ల? మీ అంగట్లో మేకుకీ మోటారుకీ ఒకటే ధర పెడతారా?"

పల్లవి పకపకా నవ్వింది. అశ్వత్థనారాయణ "సరే, అట్లే చెయ్యి," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

చేతులు కడుక్కుంటూ ముస్తాక్ కుళాయి దగ్గర నిలబడిపోయాడు. అది తప్పు సార్. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. మునుపటి కంపెనీల్లో, రాజీనామా ఇచ్చాకే నోరు దాటిన మాట. ఇక్కడా రాజీనామా ఇచ్చాడు కాబట్టే వచ్చిందేమో అని వెనక్కి వెతికాడు. కాదు. పరిగి అంగడి కన్నడ బిల్లు గురించి, చేరిన వారంలోనే అశ్వత్థనారాయణతో ఆ మాట అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లన్నాడో. మూడేళ్లుగా ప్రతి మధ్యాహ్నం తనకు తెలిసిందంతా ఈ గదిలో పెరుగన్నం పక్కన పెడుతూనే ఉన్నాడు. చివరి రోజుల్లో అప్పగించడానికి ఇంకేం మిగులుతుంది? రోజూ తినే అన్నంలో రుచి ఏదని రెండు నెలలుగా వెతుక్కుంటున్నాడు.

అయితే ఆ పాత భయం ఏమైంది? వెతికితే దొరకలేదు. ఈ అంగట్లో పనివాళ్లలాగే అది కూడా చెప్పకుండా మానేసినట్టుంది. అది ఏ రోజున రావడం మానేసిందో కూడా అతను గమనించలేదు. భయం పోయాక కూడా పారిపోయే అలవాటు మాత్రం టైముకు వచ్చి, కాగితం మీద సంతకం పెట్టించింది.

ముఖం మీద నీళ్లు చల్లుకున్నాడు. వేసవిలో కూడా ఆ కుళాయి నీళ్లు చల్లగా ఉంటాయి.

సాయంత్రం దాకా తరుగు గడి గీస్తూ, చెరుపుతూ కూర్చున్నాడు. లాప్‌టాప్ అప్పగించాల్సిన మనిషి అందులో కొత్త పని మొదలుపెట్టడం పల్లవి వింతగా చూసి, మళ్లీ తన పనిలో పడింది. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వాలుతుండగా షబీనా ఫోన్ చేసింది. చెల్లెలి పెళ్లి మాటలకని పొద్దున్నే ధర్మవరంలో పుట్టింటికి పోయింది ఆమె.

"మా నౌషీన్ నిఖా ఖాయమైపాయె!" వెనక నలుగురైదుగురు ఆడవాళ్ల గొంతులు, ఎవరో చీర రంగు గురించి కొట్లాడుతున్నారు. "వచ్చే నెల్లోనే. నువ్వు మూడు దినాలన్నా ఉండల్ల. నాయన లేని ఇల్లు, పెద్దల్లుడివి నువ్వే నిలబడల్ల."

"ఉంటాను."

"ఉంటానంటే చాలదప్పా. ఆ బెంగళూరోళ్లు చేరిన నెల్లోనే లీవు ఇస్తారా?"

"ఇయ్యరు."

"మరి?"

ఏడో కంపెనీ ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. కొత్త కార్డు, కొత్త కుర్చీ, నోరు విప్పకుండా మూడేళ్లు, తర్వాత మళ్లీ రెండు నెలల పండగ. ఆ రెండు నెలల కోసం మూడేళ్లు. ఆ లెక్క ఇన్నాళ్లూ తనకు తప్పుగా అనిపించకపోవడం విచిత్రం. ఫోన్లో చీరల గొడవ సాగుతూనే ఉంది. తనలో ఏదో మెల్లగా సర్దుకుని కూర్చోవడం అతనికి తెలుస్తోంది, రైల్లో సీటు దొరికిన మనిషిలా.

"ఏమప్పా, ఉండావా?"

"ఉండా."

"లీవు ఎవుర్ని అడుగుతావు?"

"అడుగుతా లే. నువ్వు చీర సంగతి చూసుకో," అన్నాడు. తనకే ఆశ్చర్యం కలిగించేంత హుషారుగా ఉంది ఆ గొంతు.

బెంగళూరుకు రావడం లేదని ఒక మెయిలు రాయాలి. అది రాత్రికి ఇంట్లో రాయొచ్చు. ముందు ఇది. లేచి చొక్కా సర్దుకుని మెట్లు దిగాడు. కింద అంగట్లో అశ్వత్థనారాయణ ఒక రైతుకు పంపుసెట్టు వాషర్లు చూపిస్తున్నాడు. ఆ రైతు ఒక్కొక్కటీ వేలికి తొడిగి చూస్తున్నాడు, తొందరేమీ లేదు. ముస్తాక్ అతని వెనకాల గిరాకీలాగే నిలబడ్డాడు. రైతు సంచి భుజాన వేసుకుని వెళ్లాక అశ్వత్థనారాయణ తలెత్తాడు.

"ఏమప్పా ముస్తాకూ?"

"సార్," అన్నాడు ముస్తాక్, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, "వచ్చే నెల్లో నాకు మూడు దినాలు లీవు కావల్ల."