ముడుచుకున్న సముద్రపు పువ్వు

యాదవ్వ లారీ ట్యూబుకు పంపు తగిలించి, పిడి మీద ఒంటి బరువంతా వేసి గాలి కొడుతోంది. ట్యూబు నోటికి కట్టిన సన్నటి రబ్బరు గొట్టం గుండా ఆ గాలి గాజుతొట్టిలోకి బుడగలు బుడగలుగా పోతుంది. రోజూ పొద్దున్నే చేసే పనే. కానీ ఇవాళ ఆమె చూపంతా తొట్టిలోని రాయి మీదే ఉంది.

రాయిని కరుచుకున్న సముద్రపు పువ్వు ముడుచుకుపోయింది. పేరుకు పువ్వే గానీ అది ప్రాణి. బాగున్నప్పుడు ఊదారంగు వేళ్లు విప్పుకుని, బుడగల కదలికకు జొన్నచేనులా ఊగుతుంది. రొయ్యముక్క అందిస్తే ఆ వేళ్లతోనే నోట్లోకి లాక్కుంటుంది. ఇప్పుడేమో నానబెట్టిన చింతపండు ముద్దలా ఉంది.

యాదవ్వ పనిచేసే ఇంటావిడ, నస్పూర్ డాక్టరుగారి భార్య వరహాలమ్మ దాన్ని పుట్టింటి నుంచి, భీమునిపట్నం నుంచి తెచ్చుకుంది. ఈ బొగ్గునేలలో తనవాళ్లంటూ ఎవరూ లేని ఆమెకు అదొక తోడు. వాళ్ల నాన్న ఉన్నన్నాళ్లూ జాడీల్లో సముద్రపు నీళ్లు రైలుకు వేసి పంపేవాడు. ఆయన పోయాక నీళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు డాక్టరుగారికి విశాఖపట్నం బదిలీ అయింది. ఆయన ముందే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బండికి వరహాలమ్మ వెళుతోంది. పువ్వును తీసుకుపోయి, పుట్టిన రాళ్ల దగ్గరే వదిలేయాలని ఆమె ఆశ.

"అమ్మా, జర ఇటు రాండ్రి. పువ్వు ఇంక తెర్వలే."

వరహాలమ్మ చీరలు మడతపెడుతూనే అంది. "అప్పుడప్పుడు ముడుచుకుంటుంది కదా యాదవ్వా. బాగానే ఉంటుందిలే."

బాగానే ఉంటుంది అన్న మాటను యాదవ్వ నమ్మలేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పైకప్పు కూలి ఆమె మొగుడు మొండయ్య బొగ్గుబాయిలో చిక్కుకున్న రోజున, లోపలికి దిగి వచ్చిన ప్రతివాడూ "ఉన్నడు, మాట్లాడుతుండు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆమె బాయి నోటి దగ్గర పొద్దుగూకేదాకా కూర్చుంది. అతన్ని పైకి తెచ్చి తన ముందు పడుకోబెట్టాక చెయ్యి వేసి చూస్తే, ఒళ్లు ఎప్పుడో చల్లబడి ఉంది. ఆనాటి నుంచీ ఆమెకు ఏదైనా తన చేత్తో తాకితే తప్ప నిజం కాదు. ఎవరింట్లో పనిచేసినా, నిద్రపోతున్న పసిపిల్లల గుండె మీద అరచెయ్యి ఆనించి చూసేది. ఒకామె దిష్టి తగులుతుందని పని మాన్పించింది కూడా.

"గట్ల కాదమ్మా. నిన్న మీరు పక్కింటికి పోయినప్పుడు మలేరియా మందు కొట్టెటోళ్లు వచ్చిండ్రు. నేను తొట్టి మీద తడిబట్ట కప్పిన. తీసేటప్పుడు బట్ట మీది మందు సుక్క నీళ్లల్ల పడ్డట్టే అనిపించింది."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"పడ్డదో లేదో నాకే ఎర్కలే. ఉత్తగ మిమ్ముల పరేషాన్ చేసుడు ఎందుకని..."

వరహాలమ్మ చీర వదిలేసి వచ్చింది. తొట్టిలో చెయ్యి ముంచి వాసన చూసింది. "కుళ్లు వాసన లేదు. చచ్చిపోతే గదంతా కంపు కొట్టేది." అయినా మళ్లీ ఒకసారి వాసన చూసింది.

నీళ్లు మార్చాలి. సముద్రపు నీళ్లు ఒక్క జాడీడే మిగిలాయి. దారిలో మార్చడానికని దాచినవి. ఇప్పుడు వాడేస్తే ప్రయాణంలో చుక్క ఉండదు. వాడకపోతే ఇది బండి ఎక్కేదాకా ఉంటుందో లేదో. వరహాలమ్మ నేల మీద కూలబడి యాదవ్వ ముఖంలోకి చూసింది.

"నువ్వేమంటావే?"

ఇంతకాలం ఇన్ని ఇళ్లలో పనిచేసినా యాదవ్వను అలా అడిగినవాళ్లు లేరు. తన మాట వల్ల అది చస్తే?

"దారి సంగతి దారిల చూస్కోవచ్చు. ముందుగాల బతకాలె గద."

పాత నీళ్లు ముంచి పారబోశారు. జాడీలోని నీళ్లు కొన్ని పోసి రాయిని మెల్లగా కడిగారు. మిగిలిన నీళ్లున్న జాడీలోకే రాయితో సహా పువ్వును దించారు. అది విప్పుకోలేదు. తొట్టిని గడ్డిలో చుట్టి సామాన్లతో పెట్టారు.

జట్కాలో జాడీ యాదవ్వ ఒళ్లో ఉంది. చక్రం రాయెక్కినప్పుడల్లా ఆమె దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"మెల్లగ పోనియ్యి హనుమంతూ. కడుపుతోటున్నదాన్ని తీస్కపోయినట్టు పోనియ్యి."

"గా జాడీల ఏమున్నదే, నెయ్యా?" అన్నాడు జట్కా హనుమంతు.

"పానమున్నది."

మంచిర్యాల స్టేషనులో బండి ఆగీ ఆగగానే కూలీ సామాన్లు ఎక్కించాడు. యాదవ్వ జాడీని కిటికీ పక్క సీటు మీద పెట్టి, కిందికి దిగబోయి ఆగిపోయింది. వరహాలమ్మ గుడ్డ తొలగించి లోపలికి చూసింది. చీకటి. ఏమీ కనబడలేదు.

"వేలు పెట్టి చూడు."

"నేనా?"

"నువ్వే. త్వరగా."

ఒకప్పుడు బొగ్గు తట్టలు మోసి మోసి మొద్దుబారిన చూపుడువేలు. యాదవ్వ దాన్ని నీళ్లలోకి దించింది. మొదట రాయి తగిలింది. ఇంకాస్త జరిపింది. మెత్తగా, కాస్త గరుకుగా, పిల్లి నాలుకలాంటిది వేలిని అంటుకుంది. తర్వాత మరొకటి. తర్వాత అన్నీ కలిసి జిగురుగా పట్టుకుని లోపలికి లాగాయి.

"పట్టుకున్నది!" అంది యాదవ్వ. "అమ్మా, నన్ను పట్టుకున్నదే!"

వరహాలమ్మ ఏడుస్తూ నవ్వింది. గార్డు ఈల వేశాడు. వేలు విడిపించుకోవడానికి యాదవ్వకు మనసొప్పలేదు. కూలీ కేకేస్తే గాని దిగలేదు. బండి కదిలింది. కిటికీలోంచి ఊగిన చెయ్యి పొగలో కలిసిపోయింది.

ఆమె నస్పూర్‌కు నడిచే వచ్చింది. రేపటి నుంచి పని ఎక్కడో తెలియదు. కొత్త డాక్టరు తనతోనే పనిమనిషిని తెచ్చుకుంటాడని చెప్పుకుంటున్నారు. దారిలో వేలు నాలుకకు తగిలించి చూసుకుంది. చూడని సముద్రం ఉప్పగా ఉంది.

క్వార్టరు ఊడ్చి తాళంచెవి అప్పజెప్పాలి. వంటిల్లు కడిగింది. గదులు తుడిచింది. ముందుగది కిటికీ కింద బండ దగ్గరకు వచ్చేసరికి చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఆ ఒక్కచోటు వదిలేసి, గుడ్డ పిండి దండెం మీద వేసి, తలుపుకు తాళం వేసింది.

బండ మీద, తొట్టి కూర్చున్న మేర చుట్టూ, తెల్లటి ఉప్పుగీత.