సిలువ గీసిన తూటాలు

జైనూర్ కొండల కింద కలప వ్యాపారి ఓంప్రకాశ్‌ను ఎవరో కాల్చి చంపారు. పట్టపగలు, పత్తిచేను గట్టు మీద. చప్పుడు ఊరంతా విన్నారు గానీ కాల్చినవాణ్ని ఎవరూ చూడలేదు. గడ్డిలో దొరికిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం కరీంనగర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో లిడియా బల్ల మీదికి వచ్చింది.

ఏ తూటా ఎక్కడిదో, ఏ తుపాకీలోంచి పేలిందో చెప్పడమే లిడియా ఉద్యోగం. అడుగున ఉన్న అచ్చు చూడగానే అది పాతకాలపు పోలీసు రైఫిల్ తూటా అని పోల్చుకుంది. అచ్చు పక్కన ఇంకేదో గీసినట్టు కనిపిస్తే మైక్రోస్కోప్ కింద పెట్టింది. మేకుతో గీసిన చిన్న సిలువ. నిలువు గీత కాస్త ఎడమకు వంగి ఉంది.

ఆ గీత లిడియాకు తెలుసు.

ఆమె తండ్రి యేసుదాసు కానిస్టేబుల్. డ్యూటీకి బయల్దేరే ముందు గడపలో కూర్చుని ఒక్కో తూటా అడుగున సిలువ గీసేవాడు. "ఇది ఎవ్వల్ని తాకొద్దు ప్రభువా" అని ఒక్కోదానికి ఒక ప్రార్థన. పైవాళ్లు తిట్టినా మానలేదు. లిడియా చిన్నపిల్లగా ఉన్నప్పుడు జైనూర్ అడవిలో కాల్పులు జరిగాయి. ఆ రోజు వెళ్లిన యేసుదాసు తిరిగి రాలేదు. తుపాకీ దొరకలేదు, మనిషీ దొరకలేదు. తల్లి రిబ్కమ్మ సమాధి కట్టనివ్వలేదు.

"సార్, ఇది మా బాపు తూటా. ఈ కేసు నేను చూడకూడదు" అని లిడియా పై అధికారికి చెప్పేసింది. పరీక్ష ఇంకొకరికి అప్పగించారు. కానీ ఆ గీతను గుర్తుపట్టగలిగేది ఆమే కాబట్టి, ఎస్సై పరశురాములు ఆమెను జైనూర్‌కు రమ్మన్నాడు.

ఊళ్లో ఎవరూ నోరు విప్పలేదు. తిరిగి వస్తుంటే శంకరవ్వ అనే ముసలమ్మ మేకలను తోలుకుంటూ ఎదురైంది. మేకల మెడల్లో గంటలకు బదులు ఇత్తడి గొట్టాలు. నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. లిడియా ఒక మేకను ఆపి గొట్టం తిప్పి చూసింది. సిలువ. ఇంకో మేక. సిలువే.

"ఇవి ఎక్కడియవ్వా?"

"బుచ్చిరాములు ఇస్తడు బిడ్డా. అడివి పందిని కొట్టినప్పుడల్ల ఒకటి తెచ్చిస్తడు. గీ సప్పుడుకు పులి దగ్గరికి రాదు."

అడవి అంచున గుడిసె ముందు బుచ్చిరాములు తాడు పేనుతున్నాడు. పోలీసులను చూసి పారిపోలేదు.

"వచ్చిన్రా? ఆయన తోలిండా?" అన్నాడు.

"ఎవడు?" అన్నాడు పరశురాములు.

"పోలీసాయన."

తాను అడవి పంది మాంసం అమ్మే సంగతి ఫారెస్ట్ ఆఫీసర్లకు చెప్తానని ఓంప్రకాశ్ బెదిరించాడనీ, అందుకే కాల్చాననీ బుచ్చిరాములు ఒప్పుకున్నాడు. కట్టెల మోపు కింద దాచిన పాత పోలీసు రైఫిల్ చూపించాడు. తర్వాత, రండి చూపిస్తానంటూ అడవిలోకి నడిచాడు. నడుస్తూ ఏదో కూనిరాగం తీశాడు.

లిడియా కాళ్లు ఆగిపోయాయి. తనకు జ్వరం వచ్చినప్పుడు భుజాన వేసుకుని బాపు తీసిన రాగం అది. చర్చిలోది కాదు, రేడియోలోదీ కాదు, ఆయన సొంతంగా కట్టుకున్నది. నడుమ ఒకచోట ఊపిరి అందనట్టు తెగేది. బుచ్చిరాములు కూడా సరిగ్గా అక్కడే ఆగి, మళ్లీ అందుకున్నాడు.

"గా పాట నీకెవలు నేర్పిన్రు?"

"ఎవలు నేర్పలే. గా బండల సందుల కూసుంటే చెవుల పడ్తది. ఇని ఇని నోట్లెకొచ్చింది."

పరశురాములు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

బండల సందులో ఎముకల గూడు రాతికి ఆనుకుని, వచ్చేవాళ్ల కోసం చూస్తున్నట్టు బయటికి తిరిగి కూర్చుని ఉంది. కాళ్లకు బూట్లున్నాయి. ఒళ్లో తూటాల తోలుసంచి.

"అడిగే తీస్కుంటుంటి" అన్నాడు బుచ్చిరాములు. "పందిని కొట్టాలె, ఒకటియ్యి సారూ అంటే సంచి గుండీ అల్కగ ఊడేది. ఓంప్రకాశ్ కోసమని అడిగిననాడు ఊడలే. జర సేపు గుంజిన. ఆఖరికి కత్తితోని కోసిన."

సంచి తోలు నిజంగానే కోసి ఉంది. కోసిన చోట ఎముకల వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఫొటోలు తీశాక పరశురాములు సంచి అందుకోబోయాడు. రాలేదు. రెండోసారి లాగే ధైర్యం అతనికి లేకపోయింది.

లిడియా మోకాళ్ల మీద కూర్చుంది. "బాపూ, నేనొచ్చిన. ఇగ ఇడువు."

సంచి ఆమె చేతుల్లోకి జారింది.

పరీక్షల్లో అన్నీ సరిపోయాయి. తూటా ఆ రైఫిల్‌దే, ఎముకలు యేసుదాసువే. బుచ్చిరాములు జైలుకు పోయాడు. కరీంనగర్ సమాధుల తోటలో మట్టి వేసిన రోజు రిబ్కమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చాక అడిగింది:

"గా సచ్చిపోయినాయనకు ఎవలున్నరు?"

"కాగజ్‌నగర్‌ల భార్య ఉన్నదవ్వా. వందన అట."

"తోల్కపో నన్ను."

తలుపు తీసిన వందనకు రిబ్కమ్మ నిలబడే చెప్పింది. "మా ఇంటాయన తూటనే మీ ఆయనను తాకింది బిడ్డా. అందుకే వచ్చిన."

వందన పట్టుకున్న తలుపు వదల్లేదు.

"మా ఆయన గూడ మంచోడేం కాదమ్మా" అంది. "కాని ఇంట్ల మనిషుండె." కళ్లు తుడుచుకుని పక్కకు జరిగింది. "లోపలికి రాండ్రి. చాయ్ పెడ్త."